ఎవరును చూడని పరుగు
(ఎరిక్ లిడ్డెల్ జీవితము)

బస్తరులోని బైలదిల్లా కొండలు ఎద్దు మూపురమును పోలియుండుటచేత ఆ పేరు పొందినవి. 1968లో అచ్చట ఇనుప ఖనిజము త్రవ్వుట మొదలైనది. అది మొదలుకొని కొత్తవలస-కిరందూలు రైలు మార్గము మీదుగా ఖనిజము విశాఖపట్టణపు ఓడరేవునకు దిగుచుండగా, అదే మార్గమున మన తెలుగువారు పని వెదకికొనుచు పైకి ఎక్కిరి. కిరందూలు, బచేలి, జగదల్‌పూరు పట్టణములలో నేడు తెలుగు కుటుంబములు స్థిరపడియున్నవి. గనిలో పగటి షిఫ్టు ముగించి, ఎఱ్ఱని దుమ్ము కడిగికొని, చీకటి పడకముందే ఒంటరిగా కొండదారిని కొంతదూరము పరుగెత్తవలెనని తలంచు యౌవనస్థుడు ఆ పట్టణములలో లేకపోడు. నారాయణపురములో ఇటీవలి సంవత్సరములలో అబూజ్‌మాడ్ శాంతి హాఫ్ మారథాన్ జరుగుచున్నందున అట్టి తలంపు బస్తరులో ఇప్పుడు వింత కాదు.

పందెము దినమున పరుగెత్తుట కష్టము కాదు. డోళ్ళు మ్రోగును, జనులు కేకలు వేయుదురు, ప్రక్కవాడు ముందునకు పోవుచుండగా కాళ్ళు తామే కదలును. కష్టమంతయు అంతకుముందు గడచు సాయంకాలములలోనిది. పని ముగించుకొని వచ్చిన దేహము మంచము కోరును. పిలుచుటకు స్నేహితుడు లేడు, మానినచో అడుగువాడు లేడు. అట్టివేళ చెప్పులు విడిచి బూట్లు తొడుగుకొనుట ఒక చిన్న యుద్ధము. ఆ యుద్ధమును అనేక సంవత్సరములు చేసిన ఎరిక్ హెన్రీ లిడ్డెల్ పేరు లోకమంతటికిని తెలియును. అయితే లోకము ఎరిగినది ఆయన గెలిచిన ఒక్క పందెమునే. అది 47.6 సెకండ్లలో ముగిసినది. ఆయన జీవించినది నలువది మూడు సంవత్సరములు.

ఎరిక్ 1902 జనవరి 16వ తేదీన చైనా దేశములోని టియన్‌సిన్ నగరములో జన్మించెను. తండ్రి జేమ్స్ డన్‌లాప్ లిడ్డెల్, తల్లి మేరీ. వారు లండన్ మిషనరీ సొసైటీ పంపిన స్కాట్లండు దేశస్థులు. అన్న రాబర్టు రెండేండ్లు పెద్దవాడు. ఉత్తర చైనా మైదానములోని సియావోచాంగ్ అను పల్లెటూరి మిషను ఆవరణములో ఎరిక్ బాల్యము గడచెను. 1908లో, అతనికి ఆరేండ్ల వయస్సున, తలిదండ్రులు ఇద్దరు కుమారులను లండను సమీపముననున్న మిషనరీ బిడ్డల పాఠశాలలో విడిచి తిరిగి చైనాకు వెళ్ళిరి. తరువాత ఎల్తాం కాలేజీ అని పేరు పొందినది ఈ పాఠశాలయే. నాటి మిషనరీ కుటుంబములకు ఇది సాధారణ ఏర్పాటు. సాధారణమైనంత మాత్రమున ఆరేండ్ల బిడ్డకు అది తేలిక కానేరదు. తలిదండ్రుల ముఖము చూడక సంవత్సరములు గడచుచుండెను. ఒంటరితనము ఎరిక్‌కు పరుగు పందెములలో కాదు, ఆ పాఠశాల పడకగదిలోనే మొదట పరిచయమైనది.

అచ్చట అతడు క్రికెట్టు, రగ్బీ జట్లకు నాయకుడాయెను. 1920లో ఎడింబరో విశ్వవిద్యాలయమున విజ్ఞానశాస్త్రము చదువుటకు చేరెను. మరుసటి సంవత్సరము విశ్వవిద్యాలయపు క్రీడలలో పరుగెత్తి అందరిని ఆశ్చర్యపరచెను. ఆ తరువాత టామ్ మెకర్చర్ అను శిక్షకుడు అతనిని తన చేతిలోనికి తీసికొనెను. పౌడర్‌హాల్ మైదానములో బూడిద పరచిన బాటపై అభ్యాసము. డబ్బుకొరకు పరుగెత్తు వృత్తిదారులు అచ్చట ముని వ్రేళ్ళపై గెంతుచు, మోకాళ్ళు ఎత్తుచు దేహమును వేడిచేసికొనుచుండగా, ఈ విద్యార్థికి అట్లు గెంతుట మొదట మిక్కిలి సిగ్గుగా తోచినది. నలుగురు నవ్వుదురేమో అను జంకు సాయంకాలపు అభ్యాసమునకు సోమరితనముకంటె పెద్ద శత్రువు. ఎరిక్ ఆ జంకును జయించినది ఏదో ఒక గొప్ప తీర్మానముతో కాదు. మరునాడు మరల వెళ్ళెను, అంతియే.

అతని పరుగు చూచుటకు అందమైనది కాదు. తల వెనుకకు వాలును, నోరు తెరచుకొనును, చేతులు గాలిమరవలె తిరుగును. శిక్షకుడు దానిని సరిదిద్దుటకంటె కాళ్ళకు బలము చేకూర్చుటయే మేలని గ్రహించెను. ఆ దినములలో పరుగు ప్రారంభించుటకు ఇప్పటివలె ఆనుడు దిమ్మలు లేవు. ప్రతివాడును చిన్న తాపీ తెచ్చుకొని బూడిదలో కాలి గుంటలు తానే త్రవ్వుకొనవలెను. ఎరిక్ తన తాపీని ప్రక్కవారికి ఇచ్చుచు, పందెమునకు ముందు అందరితో కరచాలనము చేయుచుండెను.

రగ్బీలో స్కాట్లండు దేశము పక్షమున 1922, 1923 సంవత్సరములలో ఏడుసార్లు ఆడెను. తరువాత పరుగుకొరకు దానిని విడిచెను. 1923 ఏప్రిల్ నెలలో మరియొక సంగతి జరిగినది. డి. పి. థామ్సన్ అను సువార్తికుడు వచ్చి ఆర్మడేల్ అను పారిశ్రామిక పట్టణములో కార్మికుల సభయందు సాక్ష్యమిమ్మని కోరెను. సభలో నోరు తెరువని పిరికి స్వభావము ఎరిక్‌ది. అయినను ఒప్పుకొనెను. మరునాటి ఉదయమున చెల్లెలు జెన్నీ యొద్దనుండి జాబు వచ్చినది. ఈ సంగతి ఆమెకు తెలియదు. కాని యెషయా 41వ అధ్యాయము 10వ వచనమును ఆమె ఆ జాబులో వ్రాసియుండెను. ఆ జాబు అతనికి గొప్ప ధైర్యమాయెను. ఆర్మడేల్‌లో కూడినవారు కొద్దిమందియే. అతడు మెల్లని స్వరముతో, స్నేహితునితో మాటలాడినట్లు మాటలాడెను. అది మొదలు వేలమంది కూడు సభలలోను ఆ తీరు మారలేదు.

అదే సంవత్సరము జూలైలో లండనులో 100 గజముల పందెమును 9.7 సెకండ్లలో గెలిచెను. బ్రిటనులో ఆ రికార్డు 35 సంవత్సరములు నిలిచినది. తరువాతి వారము స్టోక్-ఆన్-ట్రెంట్ పట్టణములో 440 గజముల పందెము మొదలైన కొద్ది అడుగులకే ప్రక్కవాని తాకిడికి గడ్డిపై పడెను. లేచునప్పటికి మిగిలినవారు ఇరువది గజములు ముందుండిరి. లేచి, తరిమి, గెలిచి, గీత దాటి సొమ్మసిల్లెను. ప్రేక్షకులు దీనిని అద్భుతమనిరి. పౌడర్‌హాల్ బూడిద బాటపై ఎవరును చూడకుండ గడచిన సాయంకాలములను లెక్కించినవారు దానికి వేరు పేరు పెట్టుదురేమో.

1924 పారిసు ఒలింపిక్సు సంగతి చదువరులలో అనేకులు ఎరిగినదే. దానిని గూర్చి 1981లో వచ్చిన చలనచిత్రము ఒక పొరపాటు తలంపును వ్యాపింపజేసినది. 100 మీటర్ల తొలి పరుగులు ఆదివారమున జరుగునని లిడ్డెల్ ఓడ ఎక్కునప్పుడు తెలిసికొన్నట్లు అందులో చూపిరి. నిజమునకు ఆ సంగతి ఆయనకు నెలల ముందే తెలియును. ప్రభువు దినమున పరుగెత్తనని చెప్పి 100 మీటర్లను, రెండు రిలే పందెములను కూడ విడిచెను. ఆ పందెములో బ్రిటను ఆశ చాలవరకు ఆయనపైననే యుండెను. పత్రికలలో కొన్ని ఆయన దేశభక్తిని శంకించినవి. చలనచిత్రములో ఆ తీర్మానము ఒక గంటలో జరిగిపోవును. వాస్తవములో దాని వెల నెలల తరబడి ప్రతిదినమును చెల్లింపబడినది. ఏలయనగా 100 మీటర్లకు సిద్ధపడిన కాళ్ళను ఇప్పుడు 400 మీటర్లకు తిరుగ నేర్పవలసి వచ్చినది.

ఈ రెండు పరుగులును వేరు వేరు పనులు. 100 మీటర్లు ఒక్క ఊపిరిలో పోవునది. 400 మీటర్లలో మూడువందల వరకు వేగము మీద పోవచ్చును. తరువాత కండరములకు ప్రాణవాయువు చాలక తొడలు మండును, కాళ్ళు సీసమువలె బరువెక్కును. ఆ చివరి వంద మీటర్లను తాళుటకు తగిన బలము ఒక్క దినమున రాదు. వేగముగా పరుగెత్తి, కొంత ఆగి, ఇంకను శ్వాస కుదురకమునుపే మరల పరుగెత్తి దేహమునకు ఆ మంటను అలవాటు చేయవలెను. లిడ్డెల్ ఆ వసంతకాలములో డిగ్రీ పరీక్షలకు చదువుచుండెను. సువార్త సభలకు ప్రయాణములు చేయుచుండెను. ఏప్రిల్‌లో అమెరికాలోని పెన్సిల్వేనియా క్రీడలకు వెళ్ళి ఒక్క విజయమైనను లేక తిరిగి వచ్చెను. తాను విడిచినదానికి బదులుగా ఏమి దొరకునో తెలియని ఆ నెలలే ఆయన జీవితములోని ఒలింపిక్సు అనుట సరియైన మాట. బంగారు పతకము వచ్చునని ఎవరును ఆయనకు చెప్పలేదు. 400 మీటర్లలో ఆయన గెలుచునని నమ్మినవారే అరుదు.

పనినుండి వచ్చి పరుగునకు బయలుదేరువారికి ఇందులో ఒక సంగతి కలదు. అలసట రెండు విధములు. కాళ్ళ అలసట ఒకటి, మనస్సు అలసట ఒకటి. బల్లయొద్ద కూర్చుండి చదివినవానికిని, యంత్రమునొద్ద కన్నార్పక నిలిచినవానికిని సాయంకాలమున కలుగునది చాలవరకు రెండవది. పది నిమిషములు మెల్లగా పరుగెత్తినచో అది విడిపోవును. నిజముగా దేహమే అలసినచో ఆ పది నిమిషములలో అదియు తెలిసిపోవును. అప్పుడు ఇంటికి మరలుటయే వివేకము. గనిలో బరువులెత్తిన దినమున బచేలి యౌవనస్థుడు దూరము తగ్గించుకొనినచో అది ఓటమి కాదు.

జూలై 6వ తేదీ ఆదివారమున 100 మీటర్ల తొలి పరుగులు జరిగినవి. లిడ్డెల్ ఆ దినమున పారిసులోని స్కాచి సంఘములో ప్రసంగించెను. మరునాడు హెరాల్డ్ అబ్రహామ్స్ ఆ పందెమును గెలిచెను. 9వ తేదీన 200 మీటర్లలో లిడ్డెల్‌కు మూడవ స్థానము. 11వ తేదీన 400 మీటర్ల ఫైనల్. ఆ ఉదయమున జట్టు సేవకులలో ఒకడు ఆయన చేతిలో చిన్న కాగితము పెట్టెను. అందులో 1 సమూయేలు 2వ అధ్యాయము 30వ వచనపు భావము వ్రాయబడియుండెను.

ఆయనకు వచ్చిన బాట అన్నిటికంటె వెలుపలిది. వంపు దూరమును సరిచేయుటకై ఆ బాటవానిని అందరికంటె ముందు నిలువబెట్టుదురు. కావున వెనుకనున్న అయిదుగురిలో ఒక్కడును వానికి కనబడడు. ఎవరు దగ్గరకు వచ్చుచున్నారో, ఎంత వేగము చాలునో తెలియదు. పరుగెత్తువారు ఆ బాటను ఇష్టపడరు. లిడ్డెల్ మాత్రము ఆ మైదానములో వేలమంది నడుమ ఒంటరిగా పరుగెత్తెను. మొదటి 200 మీటర్లను 22.2 సెకండ్లలో దాటెను. ఇట్టి వేగము చివరివరకు నిలువదని చూచువారందరును తలంచిరి. చివరి మలుపులో తల వెనుకకు వాలినది, వేగము తగ్గలేదు. 47.6 సెకండ్లు, ఒలింపిక్ రికార్డు. రెండవవాడైన అమెరికా దేశస్థుడు హొరేషియో ఫిచ్ 48.4 సెకండ్లలోను, మూడవవాడు గై బట్లర్ 48.6 లోను వచ్చిరి. ఎవరును కనబడని బాటలో పరుగెత్తుట లిడ్డెల్‌కు ఆ దినమున క్రొత్త కాదు.

వారము గడవకముందే ఎడింబరోలో పట్టభద్రుడాయెను. విశ్వవిద్యాలయము వారు గ్రీకు ఆచారము చొప్పున ఆయన తలపై ఆకుల కిరీటము పెట్టిరి, విద్యార్థులు భుజములపై మోసికొనిపోయిరి. మరుసటి సంవత్సరము, కీర్తి శిఖరమున ఉండగానే, సైబీరియా రైలులో చైనాకు వెళ్ళిపోయెను.

టియన్‌సిన్‌లోని ఆంగ్లో-చైనీస్ కాలేజీలో విజ్ఞానశాస్త్ర బోధన ఆయన పని. ఉదయమున పాఠములు, ఆదివారమున సండేస్కూలు, మధ్యలో చైనా భాషాభ్యాసము, విద్యార్థుల ఆటలు. ఆ నగరములో మింయువాన్ క్రీడామైదానమును తీర్చుటకు, తాను 1923లో గెలిచిన లండను మైదానపు మాదిరిని చూపి సలహాలిచ్చెను. పనిదినము ముగిసిన తరువాత ఆయన ఇంకను పరుగెత్తుచుండుట ఇచ్చట గమనింపదగినది. పతకము వచ్చియున్నది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్సునకు ఆయన వెళ్ళలేదు. శిక్షకుడు మెకర్చర్ వేల మైళ్ళ దూరమున ఉండెను. అయినను 1929లో జర్మనీ దేశపు ప్రఖ్యాత పరుగుగాడు ఆటో పెల్ట్‌జర్ టియన్‌సిన్‌నకు వచ్చినప్పుడు 400 మీటర్లలో లిడ్డెలే గెలిచెను. 800 మీటర్లలో పెల్ట్‌జర్ గెలిచెను. బహుమానము కొరకే పరుగెత్తినవాడు బహుమానము వచ్చిన దినమున ఆగిపోవును. లిడ్డెల్‌కు పరుగు దేవుడు తనకిచ్చిన దేహముతో చేయు కృతజ్ఞతాస్తుతి. దానికి ప్రేక్షకులు అవసరము లేదు.

1932లో స్కాట్లండులో పాదిరిగా అభిషేకము పొందెను. 1934 మార్చి 27న కెనడా మిషనరీల కుమార్తెయైన ఫ్లోరెన్స్ మెకెంజీని టియన్‌సిన్‌లో వివాహమాడెను. పెట్రీషియా, హెదర్ అను ఇద్దరు కుమార్తెలు కలిగిరి. 1937లో జపాను సైన్యములు చైనాపై పడినవి. ఆ సమయమున సొసైటీ ఆయనను చిన్ననాటి సియావోచాంగ్‌నకు పంపెను. అన్న రాబర్టు అచ్చటి ఆస్పత్రిలో వైద్యుడు. యుద్ధభూమి గనుక భార్యాబిడ్డలు నగరములోనే ఉండవలసి వచ్చెను. ఈ తీర్మానమునకు ఆయన చాలకాలము ప్రార్థించెను. అటుపిమ్మట సైకిలుపైనను కాలినడకనను గ్రామములు తిరిగెను. 1939లో గాయపడి పడియున్న ఒకనిని బండిపై ఆస్పత్రికి తెచ్చుచు, దారిలో కత్తివేటుతో మెడ తెగిన మరియొకని వార్త విని వానిని కూడ ఎక్కించుకొని తెచ్చెను. ఈ రెండవవాడు బ్రదికి, తాను చిత్రకారుడగుటచేత పూల చిత్రమొకటి వ్రాసి ఆయనకిచ్చెను.

1941లో పరిస్థితి విషమించెను. గర్భవతియైన ఫ్లోరెన్స్‌ను ఇద్దరు బిడ్డలతో కెనడాకు పంపివేసెను. మూడవ కుమార్తె మౌరీన్ అచ్చట జన్మించినది. ఆ బిడ్డను ఆయన ఎన్నడును చూడలేదు.

1943 మార్చిలో షాంటుంగ్ రాష్ట్రములోని వైషియన్ నిర్బంధ శిబిరమునకు ఆయనను తీసికొనిపోయిరి. పాత మిషను ఆవరణమొకదానిలో నానాదేశస్థులు సుమారు పదునెనిమిది వందల మంది కుక్కబడిరి. తలిదండ్రులు లేక ఒంటరిగా చిక్కుకొన్న మిషనరీ పాఠశాల పిల్లలు వారిలో అనేకులు. ఆరేండ్ల వయస్సున విడువబడినవానికి ఆ పిల్లల మనస్సు ఎవరును విప్పి చెప్పనక్కరలేదు. ఆయన వారికి అంకుల్ ఎరిక్ ఆయెను. ప్రయోగశాల లేని చోట పరికరముల బొమ్మలు తన చేతితో గీసి రసాయనశాస్త్రము బోధించెను. విరిగిన హాకీ కర్రలకు దుప్పట్లు చింపి కట్లు కట్టెను. వృద్ధులకు నీళ్ళు, బొగ్గు మోసెను. ఇదంతయు ప్రారంభమగుటకు ముందే, తెల్లవారకమునుపు, వేరుశనగ నూనె దీపము వెలుగున బైబిలు తెరచి కూర్చుండుచుండెను. అదియు ఒక అభ్యాసమే. దానిని చూచినవారు బహు కొద్దిమంది.

శిబిరములో ఆదివారము ఆటలు ఉండకూడదని ఆయనయే కోరినవాడు. పిల్లలు దానికి లోబడక తమంతట తామే ఒక ఆదివారము హాకీ ఆడుకొనిరి. మధ్యవర్తి లేనందున ఆట పోట్లాటగా మారినది. తరువాతి ఆదివారమున మైదానములో ఈల పట్టుకొని మధ్యవర్తిగా నిలిచినవాడు లిడ్డెల్. తన పతకమును, దేశప్రజల మెప్పును ఏ నియమము కొరకు వదలుకొనెనో ఆ నియమమును పిల్లల సమాధానము కొరకు తానే సడలించెను. దీనిని పడిపోవుట అని తలంచువారు ఉండవచ్చును. తన కొరకు నియమము ఎంత గట్టిగా పట్టుకొనెనో ఇతరుల కొరకు అంత మెత్తనగుట ఎరిగినవాడు ఆయన అని చెప్పుట న్యాయము. విశ్రాంతిదినము మనుష్యుని కొరకు నియమింపబడెనను ప్రభువు బోధ ఆయనకు క్రొత్తది కాదు.

శిబిరపు క్రీడల దినములలో ఆయన ఇంకను పరుగెత్తెను. చాలని తిండితో దేహము సన్నగిల్లినది. కడపటి పందెములలో ఒకదానిలో తనకంటె చిన్నవాని చేతిలో ఓడిపోయెను. ఆయన మెదడులో అప్పటికే గడ్డ పెరుగుచుండినదని ఎవరికిని తెలియదు. 1945 ఆరంభమున తలనొప్పులు అధికమైనవి. నడక తడబడినది. వైద్యులు అతిశ్రమయని తలంచిరి. ఫిబ్రవరి 21వ తేదీన భార్యకు చిన్న జాబు టైపు చేసెను. అదే సాయంకాలము మరణించెను. ఆరు నెలలకు లోపుననే, ఆగస్టు 17న, శిబిరమునకు విడుదల వచ్చినది. కెనడాలోని ఫ్లోరెన్స్‌కు భర్త మరణవార్త మే నెలలో గాని చేరలేదు.

మరణమునకు కొన్ని వారముల ముందు, గడ్డ కట్టించు చలికాలములో, చెప్పులు లేక తిరుగుచున్న స్టీఫెన్ మెట్‌కాఫ్ అను యౌవనస్థునికి లిడ్డెల్ తన పరుగు బూట్లను ఇచ్చెను. అవి అరిగిపోయి, తాళ్ళతో కట్టబడి, అతుకులు వేయబడియుండెను. వాటి విలువ ఆ బాలునికి అప్పుడు తెలియదు. శత్రువుల కొరకు ప్రార్థింపవలెనని బైబిలు తరగతిలో లిడ్డెల్ వానికి నేర్పెను. శిబిరమును కావలికాయు జపాను సైనికుల కొరకు ప్రార్థించుట వాడు అచ్చటనే మొదలుపెట్టెను. తన గురువు శవపేటికను మోసినవారిలో వాడొకడు. 1952లో మెట్‌కాఫ్ మిషనరీగా జపాను దేశమునకు ఓడ ఎక్కెను.